కంట్రోల్ కూడా ఎర్రబడింది: బీఎంపీ-2 ప్రాజెక్టు డైరీ

రోజు 1

ప్రాజెక్టు సంగతి క్లుప్తంగా ఇదీ: ఎముక కాని కణానికి ఒక ప్రొటీన్ తగిలిస్తే అది ఎముక పనిలోకి దిగుతుందా? దిగితే ఎంత మోతాదుకు, ఎన్ని రోజులకు? ఆ ప్రొటీన్ పేరు బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్-2. ల్యాబ్‌లో అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, బీఎంపీ-2 అంటారు. నాకున్నవి పన్నెండు వారాలు, రెండు రకాల చిట్టెలుక కణాలు. ఒకటి కండరం నుంచి వచ్చిన సీ2సీ12, రెండోది పుర్రె ఎముక నుంచి వచ్చిన ఎంసీ3టీ3-ఈ1.

మేడం మొదటి మీటింగ్‌లోనే ఒక మాట అన్నారు: "బీఎంపీ చెబుతుంది, కణం కడుతుంది. కట్టిన ఎముకను చూపించడం తేలికే. చెప్పింది బీఎంపీయేనని ఎలా చూపిస్తావో ఆలోచించుకుని రా." అప్పుడది పెద్ద కష్టమైన ప్రశ్నలా అనిపించలేదు. కంట్రోల్ పెడతాం, అంటే బీఎంపీ ఇవ్వని కణాలను పక్కనే ఉంచుతాం, పోలుస్తాం, అయిపోయింది అనుకున్నాను.

రాత్రి పాత పేపర్లు చదువుతూ కూర్చున్నాను. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల సర్జన్, ఎముక ముక్కలోని కాల్షియాన్నంతా యాసిడ్‌తో తీసేసి, మిగిలిన మెత్తటి ముక్కను కుందేలు కండలో పెట్టాడు. కొన్ని వారాలకు ఆ కండ మధ్యలో కొత్త ఎముక పుట్టింది. పెట్టిన ముక్కలో ప్రాణమున్న కణం ఒక్కటీ లేదు. కాబట్టి కట్టింది కుందేలు కణాలే. వాటిని పురమాయించినదేదో ఆ ముక్కలో ఉంది. 1971లో యూరిస్టే దానికి బీఎంపీ అని పేరు పెట్టాడు, అదేమిటో చేతికి చిక్కకముందే.

ఆ మరుసటి ఏడాది హరి రెడ్డి, చార్లెస్ హగ్గిన్స్ అదే పదార్థాన్ని పొడి చేసి ఎలుకల చర్మం కింద పెట్టి రోజువారీ లెక్క రాశారు. వారం తిరిగేసరికి మృదులాస్థి, పది పన్నెండు రోజులకు ఎముక, మూడు వారాలకు అందులో మజ్జ. నాకు అన్నిటికంటే నచ్చింది 1981లో సంపత్, రెడ్డి చేసిన పని. ఆ పొడిలోంచి కరిగే భాగాన్ని విడదీశారు. కరిగిన భాగం ఒక్కటే పెడితే ఎముక రాలేదు. మిగిలిన పిప్పి ఒక్కటే పెట్టినా రాలేదు. రెండూ మళ్లీ కలిపి పెడితే వచ్చింది. చెప్పే ప్రొటీన్ కావాలి, అది నిలబడి చెప్పడానికి కొల్లాజెన్ అనే నారల ప్రొటీన్ లాంటి పట్టు కూడా కావాలి.

1988లో జాన్ వోజ్నీ బృందం ఈ ప్రొటీన్ల జన్యువులను పట్టుకుంది. "ఏదో ఉంది" నుంచి "ఇదిగో ఇది" దాకా 23 ఏళ్లు. నా పన్నెండు వారాలు తలుచుకుని పడుకున్నాను.

రోజు 3

సీ2సీ12 కణాలను లిక్విడ్ నైట్రోజన్ నుంచి తీసి కరిగించాను. వీటితో ఒకటే షరతు, ఫ్లాస్క్ నిండనివ్వకూడదు. కిక్కిరిసి ఒకదానికొకటి తగులుకుంటే కలిసిపోయి పొడుగాటి కండ నాళికలు కట్టేస్తాయి. అలా మొదలైన ఫ్లాస్క్‌ను పారేయడమే. అందుకని 70 శాతం దాటకుండానే విడగొట్టి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చాలి. ఆదివారమైనా సరే.

రోజు 6

బీఎంపీ-2 వయల్ వచ్చింది. 10 మైక్రోగ్రాములు. మూత తీస్తే లోపల ఏమీ కనిపించదు, అడుగున తెల్లటి మరక ఉందా లేదా అన్నట్టుంటుంది. మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పడం మర్చిపోతే ఉన్న ఆ కాస్తా మూతకే అంటుకుని పోతుంది. అది మాత్రం గుర్తుంచుకుని చేశాను.

లెక్క: 24 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌లో ఒక్కో వెల్‌కు అర మి.లీ. మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం). మోతాదు మి.లీ.కి 300 నానోగ్రాములు అనుకుంటే వెల్‌కు 150 నానోగ్రాములు. అంటే వయల్ మొత్తానికి 66 వెల్స్, అదీ ఒక్కసారి వేస్తే. మీడియా మార్చినప్పుడల్లా మళ్లీ వేయాలి. ఈ లెక్క చూశాక పిపెట్ పట్టుకున్న చెయ్యి కొంచెం వణికింది.

ఇక్కడో పక్క మాట. వెన్నెముక ఆపరేషన్లలో వాడటానికి ఈ ప్రొటీన్‌కు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. కొల్లాజెన్ స్పాంజ్‌ను ఈ ద్రావణంలో నానబెట్టి పెడతారు, మోతాదు మి.లీ.కి 1.5 మిల్లీగ్రాములు. నేను కణాలకు ఇస్తున్నదానికి 5000 రెట్లు! ఒంట్లో పెట్టిన ప్రొటీన్ ఉన్నచోట ఉండదు, కొట్టుకుపోతుంది, అడ్డుపడే ప్రొటీన్లూ ఉంటాయి, అందుకే అంత పోయాల్సి వస్తోంది. అంత పోస్తే ఊరికే ఉండదు మరి. మెడ దగ్గర వాడినప్పుడు వాపు వచ్చి ఊపిరికే ఇబ్బంది అయిన కేసులున్నాయని 2008లో అక్కడి నియంత్రణ సంస్థే హెచ్చరించింది.

వయల్‌ను పీబీఎస్ అనే ఉప్పు నీళ్లలో కరిగించి పది ట్యూబుల్లోకి పంచి ఫ్రీజర్‌లో పెట్టాను.

రోజు 12

పసుపు రాలేదు.

కణం ఎముక దారి పట్టిందని చెప్పే తొలి ఆనవాళ్లలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒకటి, ఏఎల్‌పీ అంటాం. ఎముకలో ఖనిజం పట్టాలంటే ఫాస్ఫేట్ కావాలి, పైగా పైరోఫాస్ఫేట్ అనే అడ్డంకి తొలగాలి. ఈ ఎంజైమ్ ఆ రెండు పనులూ చేస్తుంది. పరీక్ష కూడా చాలా సులువు. పీఎన్‌పీపీ అనే రంగులేని పదార్థం కలిపితే, ఏఎల్‌పీ దాన్నుంచి ఫాస్ఫేట్‌ను తెంపుతుంది, మిగిలింది పసుపు పచ్చగా మారుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ వేసి ఆపి, 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయడమే.

మూడు రోజులు 300 నానోగ్రాములు తాగిన వెల్స్, ఏమీ తాగని వెల్స్ పక్కపక్కనే ఒకేలా ఉన్నాయి. రీడర్ కూడా అదే అంది.

సీనియర్ అక్క నా నోట్‌బుక్ తీసుకుని రెండు చోట్ల గీత గీసింది. మాట కూడా అనలేదు. మొదటి గీత పీబీఎస్ కింద. బీఎంపీ-2కు ఆమ్లం కావాలి. తటస్థంగా ఉన్న ఉప్పు నీళ్లలో సరిగా కరగదు, ముద్దకట్టి ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ అనే ప్రొటీన్ కలిపి అందులో కరిగించాలి. అదంతా వయల్‌తో వచ్చిన కాగితంలోనే ఉంది. నేను కాగితాన్ని ఫైల్‌లో భద్రంగా పెట్టాను, చదవలేదు.

రెండో గీత లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం) కింద. వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్ష) కోసం చేసి పెట్టుకున్న బఫర్‌నే దీనికీ వాడాను, అందులో ఈడీటీఏ ఉంది. ఏఎల్‌పీ పనిచేయాలంటే జింక్, మెగ్నీషియం ఉండాలి. ఈడీటీఏ పని ఆ రెండింటినీ లాగేసుకోవడం.

రోజు 13

రెండు తప్పులు ఒకేసారి చేస్తే వచ్చే చిక్కు, పసుపు రాకపోవడానికి కారణం ఏదో తేలదు. అక్క ఒక దారి చెప్పింది. క్లోనింగ్ పనికి వాడే దూడ పేగు ఫాస్ఫటేజ్ ఫ్రీజర్‌లో ఉంది. అది కూడా ఈ కుటుంబపు ఎంజైమే. దాన్ని చిటికెడు పాత బఫర్‌లో, చిటికెడు ఈడీటీఏ లేని బఫర్‌లో వేసి చూశాను. ఈడీటీఏ లేనిదాంట్లో నిమిషంలో పసుపు. పాతదాంట్లో ఎప్పటికో లేతగా.

బఫర్ దోషం రుజువైంది. ప్రొటీన్ దోషం ఎంతో తేలాలంటే అదే పీబీఎస్ ట్యూబును సరైన బఫర్‌తో మళ్లీ నడపాలి. నడిపాను. కాస్త పసుపు వచ్చింది, కానీ నీరసంగా. అంటే రెండూ దోషాలే. పది మైక్రోగ్రాములు పోయినట్టే. మేడంకు చెప్పడానికి టెన్షన్‌గా ఉండి మధ్యాహ్నం దాకా వాయిదా వేశాను. ఆవిడ విని "రెండో వయల్ నోట్‌బుక్ చూసి తీసుకో" అన్నారు, అంతే.

ఇప్పటి బఫర్: ట్రిస్, 0.2 శాతం ట్రైటాన్, కొద్దిగా మెగ్నీషియం. ఇంకో మెలిక కూడా ఉంది. కణాలను కడిగేది పీబీఎస్‌తో, అందులో ఫాస్ఫేట్ ఉంటుంది, ఫాస్ఫేట్ ఏఎల్‌పీని అణిచేస్తుంది. అలాగని కడగకపోతే మీడియాలో కలిపే సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం)లో ఉన్న ఏఎల్‌పీ మిగిలిపోయి లేని పసుపు చూపిస్తుంది. అందుకని చివరి కడుగు ట్రిస్ సెలైన్‌తో.

రోజు 20

వచ్చింది!

ముందు మైక్రోస్కోప్ కింద చూశాను. సీరం తగ్గించిన కంట్రోల్ వెల్స్‌లో కణాలు బారులు తీరి, కలిసిపోయి, పొడుగాటి నాళికలు కడుతున్నాయి. 300 నానోగ్రాముల వెల్స్‌లో నాళికలు దాదాపు లేవు. కణాలు విడివిడిగా, పలకల్లా పరుచుకుని ఉన్నాయి. కండరం కావలసినవి ఆ దారి వదిలేశాయి. ఇది 1994లో కటగిరి బృందం చూపించినదే, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కానీ సొంత ప్లేట్‌లో చూస్తే వేరు.

పసుపు మోతాదు ప్రకారం వచ్చింది. 30 నానోగ్రాముల దగ్గర కంట్రోల్‌తో తేడా చెప్పలేం. 100 దగ్గర కంటికి ఆనుతుంది. 300 దగ్గర చిక్కగా ఉంది. ఈ అంకెలు మా వయల్‌వి మాత్రమే. బ్యాక్టీరియాలో చేసిన ప్రొటీన్‌కు, జంతు కణాల్లో చేసినదానికి చురుకు ఒకేలా ఉండదు కాబట్టి ఎవరి వయల్‌కు వాళ్లు ఈ మెట్లు కట్టి చూసుకోవాల్సిందే.

సంబరంలో ఎక్సెల్‌లో భాగహారం చేస్తే "47 రెట్లు" అని వచ్చింది. స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో పెట్టాను. మేడం ఆ అంకె మీద వేలు పెట్టి, "కింద ఏముంది?" అన్నారు. కింద కంట్రోల్ రీడింగ్ ఉంది, అది దాదాపు సున్నా. సున్నాకు దగ్గరున్న అంకెతో దేన్ని భాగించినా కొండంత వస్తుంది. కంట్రోల్ రీడింగ్ కొంచెం అటూ ఇటూ కదిలితే 47 కాస్తా 20 అవుతుంది, 90 అవుతుంది. రెట్లు తీసేసి, మిల్లీగ్రాము ప్రొటీన్‌కు నిమిషానికి ఎంత పసుపు అన్నది రాశాను. చూడటానికి చప్పగా ఉంది, కానీ అది నిలబడే అంకె.

రోజు 24

ఇన్నాళ్లూ బయటి నుంచి చూశాం, ఇప్పుడు కణం లోపల మాట ఎలా చేరుతుందో చూడాలి.

బీఎంపీ-2 అంటే ఒకేలాంటి రెండు గొలుసులు జతకట్టిన ప్రొటీన్, జత బరువు దాదాపు 26 కిలోడాల్టన్లు. ఒక్కో గొలుసులో 114 అమైనో ఆమ్లాలు. కణం పొర మీద దీని కోసం రెండు రకాల రిసెప్టార్లు (కబురు అందుకునే ప్రొటీన్లు) ఉంటాయి. ప్రొటీన్ వచ్చి వాటిని ఒకచోట చేరిస్తే, రెండో రకం మొదటి రకానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మొదటి రకం లోపలున్న స్మాడ్ 1, 5, 8 ప్రొటీన్ల తోక చివర ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అవి స్మాడ్ 4ను వెంటేసుకుని కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను లేపుతాయి. చేతులు మారేవి ఎన్నో కావు. అంత పెద్ద నిర్ణయానికి ఇంత పొట్టి దారా అనిపిస్తుంది.

వెస్టర్న్ కోసం కణాలను నాలుగు గంటలు సీరం లేకుండా ఉంచాను, ఎందుకంటే సీరంలోనే ఈ దారిని తట్టిలేపే పదార్థాలుంటాయి. తర్వాత బీఎంపీ వేసి 0, 15, 30, 60, 120 నిమిషాలకు తీశాను. 15 నిమిషాలకే ఫాస్ఫేట్ తగిలిన స్మాడ్ బ్యాండ్ మొదలైంది. 30, 60 దగ్గర నల్లగా ఉంది. 120కి కాస్త తగ్గింది. మొత్తం స్మాడ్ 1 బ్యాండ్ అన్నింట్లో ఒకేలా ఉంది. మూడో ప్రయత్నానికి వచ్చిన బ్లాట్ ఇది, మొదటి రెండింటి గురించి రాయను.

గంట దగ్గర ఆర్‌ఎన్‌ఏ తీసి క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) చేస్తే ఐడీ1 అనే జన్యువు పైకి లేచింది. ఈ ఐడీ ప్రొటీన్లు కండరం నాయకుడైన మయోడీ జతగాళ్లను పట్టి ఉంచేస్తాయి, దాంతో మయోడీ పని ఆగిపోతుంది. నాళికలు ఎందుకు రాలేదన్న దానికి ఒక కారణం దొరికినట్టే. కానీ కండరం దారి మూసుకున్నంత మాత్రాన ఎముక దారి తెరుచుకున్నట్టు కాదు. దీన్ని పరీక్షించడానికి పక్కనే టీజీఎఫ్-బీటా1 వేసిన వెల్స్ పెట్టాను. అది బీఎంపీకి దాయాది, ఒకే కుటుంబం. దాంతో కూడా నాళికలు ఆగాయి. ఏఎల్‌పీ మాత్రం ఏమీ లేదు. టీజీఎఫ్-బీటా స్మాడ్ 2, 3 ద్వారా మాట్లాడుతుంది, 1, 5, 8 ద్వారా కాదు. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన కంట్రోల్ ఇదే. "ఏ గ్రోత్ ఫ్యాక్టర్ వేసినా కణం ఇలాగే చేస్తుందేమో" అన్న అనుమానం ఒక్క దెబ్బతో పోయింది.

ఎముక దారి తెరిచేవి రంక్స్2, ఆస్టెరిక్స్ అనే రెండు ప్రొటీన్లు. 1997లో రంక్స్2 లేని చిట్టెలుకలను పుట్టించి చూస్తే, మృదులాస్థితో అస్థిపంజరం ఆకారమంతా ఉంది, అసలు ఎముక మాత్రం ఏర్పడలేదు. పక్కటెముకలు గట్టిపడక, ఊపిరి ఆడక, పుట్టిన కాసేపటికే చనిపోయాయి. 2002లో ఆస్టెరిక్స్ తీసేసినా ఎముక లేదు, అయితే రంక్స్2 మామూలుగానే ఉంది. దాన్నిబట్టి ఏది ముందో ఏది వెనకో తెలిసింది.

రోజు 29

సీ2సీ12తో ఇక్కడిదాకానే. ఏఎల్‌పీ వస్తుంది, జన్యువులు లేస్తాయి, కానీ గట్టి ఖనిజం పట్టే దాకా ఇవి సరిగా వెళ్లవు. ఎంసీ3టీ3-ఈ1 కణాలకు మారాను. ఇవి ముందే ఎముక వైపు చూస్తున్న కణాలు. ఆల్ఫా-ఎంఈఎం మీడియా, 10 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్ (ఫాస్ఫేట్ అందించేది), మి.లీ.కి 50 మైక్రోగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్-సి), వాటి మీద బీఎంపీ-2 మి.లీ.కి 100 నానోగ్రాములు. కంట్రోల్ వెల్స్‌లో బీఎంపీ, ఆస్కార్బిక్ రెండూ వేయలేదు. మూడు రోజులకోసారి మీడియా మార్చడం. పొలంలో విత్తి కూర్చున్నట్టే ఉంది.

రోజు 43

పద్నాలుగో రోజు ప్లేట్ తీసి అలిజరిన్ రెడ్ వేశాను. కాల్షియం ఉన్నచోట ఎర్రగా పట్టే రంగు ఇది, పీహెచ్ 4.2 దగ్గర పెట్టాలి.

కంట్రోల్ కూడా ఎర్రబడింది.

బీఎంపీ వెల్స్ అంత కాదు, కానీ ఎర్రబడింది. అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా. బీఎంపీ లేదు, ఆస్కార్బిక్ నేను వేయలేదు. మరి వీటికి ఎవరు చెప్పారు? ట్యూబులు తారుమారయ్యాయా అని నోట్‌బుక్ మూడుసార్లు తిరగేశాను. లేదు.

అక్క మీడియా బాటిల్ తెచ్చి నా ముందు పెట్టి, "లేబుల్ కాదు, ఫార్ములా చదువు" అంది. మామూలు ఆల్ఫా-ఎంఈఎంలో ఆస్కార్బిక్ ఆమ్లం ముందే ఉంటుంది, లీటరుకు 50 మిల్లీగ్రాములు. నేను "వేశాను" అనుకున్నంతే, నేను "వేయలేదు" అనుకున్న వెల్స్‌లోనూ ఉంది. ఎంసీ3టీ3 పెంచేవాళ్లు ఆస్కార్బిక్ లేని ఆల్ఫా-ఎంఈఎం విడిగా తెప్పించుకునేది ఇందుకే. అంటే నా కణాలు ఫ్లాస్క్‌లో ఉన్న వారాలన్నీ మెల్లగా ఎముక వైపు జరుగుతూనే ఉన్నాయి. ప్లేట్‌లోకి వచ్చేసరికే సగం దారిలో ఉన్నాయి.

విటమిన్-సి ఇంత చేస్తుందా అని మొదట నమ్మలేదు. చేస్తుంది. కొల్లాజెన్ గొలుసులు పురిపడి గట్టిగా నిలవాలంటే వాటిలోని ప్రోలీన్‌కు హైడ్రాక్సిల్ చేరాలి, ఆ పని చేసే ఎంజైమ్‌కు ఆస్కార్బిక్ కావాలి. కొల్లాజెన్ పరుచుకున్నాక కణం దాన్ని ఇంటిగ్రిన్‌లు అనే పొర ప్రొటీన్లతో పట్టుకుంటుంది, ఆ పట్టు నుంచి రంక్స్2కు కబురు వెళ్తుంది. సంపత్, రెడ్డి పిప్పి గుర్తొచ్చింది. పట్టు కూడా మాట్లాడుతుందన్నమాట.

ఇంకో అనుమానం కూడా మేడం పెట్టారు. బీటా-గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువగా ఉండి, ఏఎల్‌పీ బాగా పనిచేస్తే ఫాస్ఫేట్ ఒక్కసారిగా పెరిగి, కణాల ప్రమేయం లేకుండానే కాల్షియం ఫాస్ఫేట్ పొడిలా రాలుతుంది. అది కూడా ఎర్రగానే పడుతుంది. అలిజరిన్‌కు కాల్షియం కనిపిస్తే చాలు, అది ఎముకా సుద్దా అని చూడదు. కణాలు లేని వెల్స్ నేను పెట్టలేదు.

రెండు వారాల పని. ఆ సాయంత్రం ఇంకే పనీ చేయలేదు.

రోజు 55

కొత్త మీడియా వచ్చాక, పాత స్టాక్ నుంచి కొత్తగా కణాలు కరిగించి, వాటిని మొదటి నుంచీ ఆస్కార్బిక్ లేకుండానే పెంచి, ఈ రోజు ప్లేట్ వేశాను. ఈసారి ప్లేట్ మ్యాప్ గీయడానికే ఒక పూట పట్టింది.

ఒక వరుస ఉత్త మీడియా. ఒక వరుస ఆస్కార్బిక్, గ్లిసరోఫాస్ఫేట్ మాత్రమే, దీన్ని ఓఎం అని రాసుకున్నాను. ఒకటి ఓఎం మీద బీఎంపీ. ఒకటి ఓఎం, బీఎంపీ, వాటి మీద నోగిన్. ఒకటి కణాల్లేకుండా ఓఎం. నోగిన్ అనేది బీఎంపీని ఒడిసిపట్టి, రిసెప్టార్‌కు తగలాల్సిన చోట్లన్నీ మూసేసే ప్రొటీన్, ఒంట్లో సహజంగానే ఉంటుంది. ప్లేట్‌లో మూడు వెల్స్ మిగిలాయి. ఖాళీగా ఎందుకని వాటిలో ఓఎం మీద నోగిన్ ఒక్కటే వేశాను. బయటి నుంచి బీఎంపీ వేయని చోట నోగిన్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు కదా, ఓఎం లాగే వస్తుంది, నోగిన్ విషం కాదని చూపించడానికి పనికొస్తుంది అనుకున్నాను.

ఆస్కార్బిక్ కూడా ఇక ముందు కలిపిపెట్టిన మీడియాలో కాదు. అది 37 డిగ్రీల దగ్గర నిలవదు, మార్చిన ప్రతిసారీ తాజాగా వేస్తున్నాను.

రోజు 66

ఎదురుచూపుల రోజులు. మీడియా మార్చడం తప్ప పని లేదు కాబట్టి చదువుతున్నాను.

ఎఫ్‌ఓపీ అనే చాలా అరుదైన జబ్బు ఉంది. అందులో కండలు, స్నాయువులు మెల్లమెల్లగా ఎముకగా మారిపోతాయి. చిన్న దెబ్బ, సూది కూడా అక్కడ ఎముక మొలిపించవచ్చు. కాబట్టి ఆపరేషన్ చేసి తీసేద్దామన్నా కుదరదు. 2006లో దాని మూలం దొరికింది: ఏసీవీఆర్1 అనే బీఎంపీ రిసెప్టార్‌లో 206వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్. ఒక్క అక్షరం తేడా. 2015లో ఇంకో సంగతి తేలింది. మామూలుగా ఈ రిసెప్టార్ ద్వారా ఎముక మాట చెప్పలేని యాక్టివిన్-ఎ, ఈ మారిన రిసెప్టార్‌కు తగిలితే అది బీఎంపీ వచ్చినట్టే స్మాడ్ 1, 5లను లేపేస్తుంది. చెప్పేవాడు వేరే మాట చెబుతున్నాడు, వినేవాడికి ఎముక అని వినిపిస్తోంది. నా ప్లేట్ చూసి విసుక్కోవడం కాసేపు ఆపాను.

రోజు 73

ఒక వెల్‌లో కణాల పొర మొత్తం దుప్పటిలా లేచి ముడుచుకుపోయింది. బీఎంపీ వరుసలోదే. ఎక్కువ రోజులుంచిన ప్లేట్లలో ఇది మామూలే, కొల్లాజెన్ బిగుసుకుని అంచుల దగ్గర ఊడొస్తుంది. ఇకపై మీడియా మొత్తం లాగకుండా సగమే మారుస్తున్నాను, గోడ వెంబడి వదులుతున్నాను. మూడు వెల్స్ వరుస రెండయింది.

రోజు 76

21 రోజులు. ప్లేట్ బయటికి తీసి, కణాలను ఫిక్స్ చేసి, ఈసారి పీబీఎస్ కాకుండా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, అలిజరిన్ పోశాను. అక్క కూడా వచ్చి పక్కన నిలబడింది.

ఉత్త మీడియా వరుస తెల్లగా ఉంది. కణాల్లేని వరుస కూడా తెల్లగానే ఉంది, మైక్రోస్కోప్‌లో ఎక్కడో ఒకటి రెండు నలకలు తప్ప. ఓఎం వరుసలో ఎర్రటి ముడులు, విడివిడిగా. బీఎంపీ వరుసలో అవే ముడులు ఒకదానికొకటి కలిసి ఎర్రటి అట్టలా ఉన్నాయి. నోగిన్ కలిపిన వరుసలో ఆ ఎరుపు బాగా తగ్గింది. ఇంతవరకూ అనుకున్నట్టే.

చివరి మూడు వెల్స్ దగ్గర ఇద్దరం ఆగాం. ఓఎం మీద నోగిన్ ఒక్కటే వేసినవి. ఓఎం లాగే ఉండాలి. ఓఎం కంటే బాగా వెలవెలబోయి ఉన్నాయి.

10 శాతం సీటైల్‌పిరిడినియం క్లోరైడ్‌తో రంగు లాగి 562 నానోమీటర్ల దగ్గర చదివాను. ఓఎంను 1 అనుకుంటే బీఎంపీ దాదాపు 2.5, నోగిన్ ఒక్కటే వేసినవి 0.4. నోగిన్ వెల్స్ మూడూ ఒకేలా వచ్చాయి, పొరపాటు కాదు. నోగిన్ కణాలను చంపేసిందేమోనని పక్క ప్లేట్‌లో డీఎన్‌ఏ కొలిచాం. కణాల సంఖ్య ఓఎంతో సమానంగానే ఉంది.

"అంటే ఓఎంలో నోగిన్‌కు పట్టుకోవడానికి ఏదో దొరికింది," అంది అక్క.

ఏదో ఏమిటి, బీఎంపీయే. నేను వేయనిది. ఆస్కార్బిక్ తగిలి, కొల్లాజెన్ పరుచుకుని, కణాలు దారిలో పడ్డాక తమ బీఎంపీని తామే చేసుకుని బయటికి వదులుతున్నాయి, పక్కదానికి చెబుతున్నాయి, తామూ వింటున్నాయి. నేను వేసే 100 నానోగ్రాములు ముందే నడుస్తున్న ఆ మాటలకు తోడు అయ్యాయి. రాత్రి వెతికితే, ఎంసీ3టీ3లో ఇలా నోగిన్‌తో ఆపి చూపించిన పేపర్లు ఉన్నాయి, ఇరవై ఏళ్లనాటివి. ముందే చదివి ఉంటే ఆ మూడు వెల్స్‌ను విషం పరీక్షగా కాదు, అసలు ప్రయోగంగా పెట్టేవాళ్లం.

43వ రోజు ఎర్రబడిన కంట్రోల్ ఫొటో తీసి మళ్లీ చూశాను. మీడియాలోని విటమిన్-సి మీదే అంతా తోసేసి అప్పుడు ఫైల్ మూసేశాను. తప్పు మీడియాదే, కానీ ఆ చుక్కలు పెట్టించిన మాటలో బీఎంపీ కూడా ఉండే ఉంటుంది.

రోజు 79

మేడం రిపోర్టులో ఒక వాక్యం మార్పించారు. "బీఎంపీ-2 ఖనిజాన్ని కలిగించింది" అని రాశాను. "బయటి నుంచి ఇచ్చిన బీఎంపీ-2, కణాల సొంత బీఎంపీతో పాటు, ఖనిజాన్ని పెంచింది" అయింది. పొడుగైంది, ఊపు పోయింది. అలాగే ఉంచాను.

ఫ్రీజర్‌లో నాలుగు ట్యూబుల బీఎంపీ, రెండు ట్యూబుల నోగిన్ మిగిలాయి. గడువు ఐదు రోజులే కాబట్టి 21 రోజుల ప్లేట్ నా చేతుల మీదుగా పూర్తవదు. అయినా ఈ రోజు వేశాను. నోగిన్ మొదటి రోజు నుంచి ఒక వరుసకు, ఏడో రోజు నుంచి ఒక వరుసకు, పద్నాలుగో రోజు నుంచి ఇంకో వరుసకు. కణాలు తమలో తాము మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలుపెడతాయో ఈ వరుసలు చెప్పాలి. 84వ రోజు తర్వాత మీడియా అక్క మారుస్తానంది. సగమే మార్చమని, గోడ వెంబడి వదలమని, ఆస్కార్బిక్ అప్పటికప్పుడు కలపమని ఇంక్యుబేటర్ తలుపు మీద కాగితం అంటించాను.